ప్యానెల్ తేదీ ముందే చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో హోం శాఖ బాధ్యతలు చూస్తున్న మంత్రివర్యులకు,



ఈ లేఖ రాయాల్సింది నేను కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఖాకీ తొడుక్కుని, ఇప్పటికీ హెడ్ కానిస్టేబుల్ పట్టీల కోసం ఎదురుచూస్తున్న మనిషి రాయాలి. ఆయన రాయలేడు. పోలీసు బలగాల హక్కులను నియంత్రించే 1966 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆయన సంఘం పెట్టుకోకూడదు, పత్రికలకెక్కి తన కష్టం చెప్పుకోకూడదు. అగ్నిమాపక సిబ్బంది పోలీసు బలగం కాకపోయినా యూనిఫాం ఉన్న శాఖే. పైవాళ్ల మీద నోరెత్తితే ఏమవుతుందో వాళ్లకూ తెలుసు.

2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం పెట్టమని, తమ భర్తలను నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండనివ్వమని అడిగారు. ఆ ఆందోళన ముగిసేసరికి 39 మంది సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ల కోరికల్లో ఏది సబబు, ఏది కాదు అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. భర్త చెప్పుకోలేని మాటను భార్య వీధిలోకొచ్చి చెప్పాల్సి వచ్చిందన్నది మాత్రం మీరిద్దరూ ఆలోచించవలసిన విషయం. నేను పోలీసు లైన్లలో పెరిగినదాన్ని. నాకు ఏ సర్వీసు రూలూ అడ్డు లేదు కాబట్టి, వాళ్ల పదోన్నతుల గురించి నాకు తెలిసినంత మీ ముందు పెడుతున్నాను.

మన పోలీసు శాఖలోకి నాలుగు తలుపులున్నాయి. ఇంటర్ చదివినవాళ్లకు కానిస్టేబుల్ తలుపు, డిగ్రీ వాళ్లకు ఎస్సై తలుపు, గ్రూప్-1 రాసినవాళ్లకు డీఎస్పీ తలుపు, ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు ఐపీఎస్ తలుపు. మూడో తలుపు, నాలుగో తలుపు దాటినవాళ్లు ఏ ఏడాదికి ఏ హోదాలో ఉంటామో దాదాపుగా ముందే లెక్క వేసుకోగలరు. మొదటి తలుపులోంచి వచ్చినవాళ్లకు ఆ లెక్క దొరకదు. బలగంలో పది మందికి ఎనిమిది మంది పైచిలుకు వాళ్లే. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఇచ్చిన ‘పబ్లిక్ ఆర్డర్’ నివేదిక కానిస్టేబుల్ పరిస్థితిని వివరంగా చర్చించింది. సర్వీసు మొత్తంలో సాధారణంగా ఒక్క ప్రమోషన్, ఆ ఒక్కటీ హెడ్ కానిస్టేబుల్ దాకా. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1977లో ఏర్పాటైన ధర్మవీర జాతీయ పోలీసు కమిషన్ కూడా ఈ మాటే చెప్పింది. కానిస్టేబుల్‌ను కాళ్లూ చేతులూ ఉన్న మనిషిగా మాత్రమే చూడొద్దు, బుర్ర ఉన్న మనిషిగా చూడండి, పైకి వచ్చే దారి వేయండి అన్నది దాని సారాంశం.

ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం ఉంది కదా అని మీ కార్యదర్శులు మీకు నోట్ రాయవచ్చు. నిజమే, ఇన్నేళ్లకోసారి స్కేలు పెరుగుతుంది. డబ్బు దగ్గర ఆ పథకం చేసిన మేలును తక్కువ చేయను. కానీ స్కేలు పెరిగినంత మాత్రాన కేసు డైరీ రాసే అధికారం రాదు. ఒంటిమీద యూనిఫాం మారదు. పాతికేళ్ల క్రితం తనే లాఠీ పట్టుకోవడం నేర్పిన కుర్రాడు ఎస్సైగా వచ్చి పేరు పెట్టి పిలుస్తుంటే లేచి నిలబడే అవస్థ తప్పదు.

ఇప్పుడు అసలు విషయం. రాష్ట్ర ఉద్యోగులకు సాధారణంగా వర్తించే 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ నియమావళిలో పదోన్నతికి ఎంపికైనవారి జాబితాలకు, అంటే ప్యానెళ్లకు, ఒక క్యాలెండరు ఉంది. సెప్టెంబరు 1 అర్హత తేదీ. అక్కడి నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా ఎన్ని ఖాళీలు వస్తాయో ముందే అంచనా వేసి, సెప్టెంబరులోనే ప్యానెల్ సిద్ధం చేయాలని దాని ఉద్దేశం. ఎంత మంచి నియమం! ఎవరు ఏ తేదీన రిటైరవుతారో ప్రతి కార్యాలయంలోనూ రాసి ఉంటుంది. ఖాళీని ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. అయినా లైన్లలో ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘ప్యానెల్ ఇంకా పడలేదు.’ ఎందుకు పడలేదంటే సీనియారిటీ జాబితా తేలలేదు. అది ఎందుకు తేలలేదంటే అభ్యంతరాలున్నాయి. అభ్యంతరాలు ఎందుకు పరిష్కారం కాలేదంటే ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు.

ఆలస్యమైనా తర్వాత ఇస్తారులే అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. 2024 నవంబరులో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. పదోన్నతికి సిఫారసు వచ్చిన ఒక అధికారి 2016 డిసెంబరు 31న రిటైరయ్యారు. తుది ఆమోదం జనవరి మొదటి వారంలో వచ్చింది. ఆయన తప్పేమీ లేదు, ఆలస్యం కార్యాలయానిది. అయినా పదోన్నతి పొందిన కుర్చీలో ఒక్కరోజైనా కూర్చోనివారికి వెనకటి తేదీ నుంచి దాని ఫలం ఇవ్వడం కుదరదని కోర్టు తేల్చింది. మంత్రివర్యులారా, సెప్టెంబరులో పడవలసిన ప్యానెల్ జూన్‌లో పడితే, ఆ మధ్యలో రిటైరైన ప్రతి హెడ్ కానిస్టేబుల్, ప్రతి లీడింగ్ ఫైర్‌మన్ ఆ హోదాను జీవితాంతం కోల్పోయినట్టే. పెన్షన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. తర్వాత ఏ కోర్టూ దాన్ని తెచ్చివ్వలేదు.

పదోన్నతి హక్కు కాదన్నది నాకు తెలుసు. అయితే పదోన్నతికి తనను పరిశీలించాలని కోరడం రాజ్యాంగం 16వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ప్యానెల్ వేయకుండా ఏడాది దాటవేయడమంటే ఆ పరిశీలననే ఎగ్గొట్టడం.

పక్కింటి తమిళనాడు ఏం చేసిందో చూద్దాం. అక్కడ రెండో గ్రేడు కానిస్టేబుల్ నిర్ణీత సర్వీసు పూర్తయ్యాక మొదటి గ్రేడుకు, తర్వాత హెడ్ కానిస్టేబుల్ హోదాకు, ఆపైన స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు చేరే ఏర్పాటు చాలా కాలం నుంచి ఉంది. ఖాళీ ఉందా లేదా అన్న ప్రశ్నతో పనిలేదు, పోస్టే మనిషితో పాటు పైకి జరుగుతుంది. దీనికి తోడు నేరుగా జరిగే ఎస్సై నియామకాల్లో 20 శాతం, శాఖలో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకు కేటాయిస్తారు. మహారాష్ట్రలో పీఎస్సై పోస్టుల్లో సగం బయటివాళ్లకు, పావు వంతు సీనియారిటీకి, మిగతా పావు వంతు శాఖలోని వాళ్లు పోటీ పడి రాసే పరీక్షకు అని పంచారు. వయసులో ఉన్న కానిస్టేబుల్ పుస్తకం పట్టుకుని పైకి రావచ్చు. పుస్తకం పట్టే ఓపిక లేని పెద్దాయన తన సర్వీసుతో రావచ్చు. రెండు దారులూ ఉండాలి. ఏ ఒక్కదాన్నీ మూయకూడదు.

పదోన్నతి పద్ధతుల మీద అమెరికాలో నగరపాలక సంస్థలు నూరేళ్ల నుంచీ తర్జనభర్జన పడుతున్నాయి. అక్కడ పోలీసులు, ఫైర్‌మెన్ నగరం ఉద్యోగులు. ప్రమోషన్ మేయర్ అనుయాయులకు పోకుండా చట్టాలే తెచ్చుకున్నారు. టెక్సస్ రాష్ట్ర స్థానిక ప్రభుత్వ చట్టంలోని 143వ అధ్యాయం నాకు నచ్చిన ఉదాహరణ. ఓటర్లు ఎన్నికలో ఆమోదించిన నగరాల్లోనే అది అమలవుతుంది. పరీక్షకు 90 రోజులకు ముందే ఏయే పుస్తకాల్లోంచి ప్రశ్నలు వస్తాయో నోటీసు బోర్డు మీద పెట్టాలి. సర్వీసులో ప్రతి ఏడాదికి ఒక మార్కు చొప్పున గరిష్ఠంగా 10 మార్కులు సీనియారిటీకి కలుస్తాయి. అలా తయారైన జాబితా ఏడాది చెల్లుతుంది. జాబితా ఉండగా ఖాళీ ఏర్పడితే 60 రోజుల్లో నింపాలి. మొదటి స్థానంలో ఉన్నవాణ్ని కాదని కిందివాణ్ని ఎంచుకుంటే, శాఖాధిపతి కారణాలు కాగితం మీద పెట్టాలి, ఆ మనిషిని పిలిచి ముఖాముఖి చెప్పాలి కూడా. ఈ ఆఖరి నియమం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నీ పేరు ఎందుకు దాటేశామో నీకే చెబుతాం అన్న మాట మన కానిస్టేబుల్‌తో ఎవరైనా ఏనాడైనా అన్నారా?

అక్కడా అంతా సవ్యంగా సాగిందని చెప్పను. కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ నగరంలో 2003లో ఫైర్ లెఫ్టినెంట్, కెప్టెన్ పోస్టులకు పరీక్ష పెట్టారు. మొత్తం 118 మంది రాశారు. రాత పరీక్షకు 60 శాతం, మౌఖికానికి 40 శాతం వెయిటేజీ. కార్మిక సంఘంతో ఎప్పుడో చేసుకున్న ఒప్పందంలో అలా రాసి ఉంది కాబట్టి అంతే. చదువుకోవడానికి మూడు నెలలిచ్చారు. ఫ్రాంక్ రిచీ అనే ఫైర్‌మన్‌కు డిస్లెక్సియా ఉంది, అక్షరాలు సరిగ్గా పట్టుబడవు. వెయ్యి డాలర్లకు పైగా పెట్టి పుస్తకాలు కొని, తెలిసినవాళ్ల చేత టేపుల్లో చదివించుకుని, రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా కూర్చున్నాడు. పాసయ్యాడు. తీరా ఫలితాలు చూస్తే వెంటనే ప్రమోషన్‌కు అందే స్థానాల్లో ఒక్క నల్లజాతి అభ్యర్థి కూడా లేడు. వివక్ష దావా పడుతుందని నగరం భయపడింది. సివిల్ సర్వీస్ బోర్డులో ఓట్లు చెరిసగం చీలాయి, ఫలితాలు చెత్తబుట్టకు పోయాయి. పాసైనవాళ్లలో 18 మంది కోర్టుకెళ్లారు. 2009 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది.

ఆ తీర్పులో జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన అసమ్మతి భాగం నాకు మెజారిటీ తీర్పు కంటే ఎక్కువ ఆలోచన పుట్టించింది. మంటల మధ్య మనుషుల్ని నడిపించే నాయకుణ్ని ఎంచుకోవడానికి కాగితం మీద రాసే జవాబులకు 60 శాతం ఎందుకివ్వాలని ఎవరూ ఎప్పుడూ అడగలేదని ఆవిడ ఎత్తిచూపారు. పక్కనే ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్ నగరం మౌఖికానికి ఎక్కువ విలువిచ్చి మంచి ఫలితాలు సాధించిందనీ గుర్తుచేశారు. రిచీకి జరిగింది అన్యాయమే. తప్పుడు కొలబద్దతో వెనకబడిపోయినవాళ్లకు జరిగిందీ అన్యాయమే. కొలబద్ద సరైనదేనా అన్న ప్రశ్న పరీక్షకు ముందు అడిగి ఉంటే రెండూ జరిగేవి కావు. మన దగ్గర 1995లో 77వ సవరణతో వచ్చిన 16(4ఏ) అధికరణం కింద ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల్లో రిజర్వేషన్ ఇవ్వడానికి వీలుంది, రోస్టరు పాయింట్లు ముందే తెలుస్తాయి. ఆ విషయంలో మన పద్ధతి వాళ్ల పద్ధతి కంటే నిజాయితీగలది. ఆ నిజాయితీ మిగతా విషయాలకూ ఎందుకు పాకకూడదు?

కాబట్టి శాఖాపరమైన పరీక్ష పెట్టండి, కానీ ఆలోచించి పెట్టండి. వినాయక నిమజ్జనం, ఎన్నికలు, మంత్రుల పర్యటనలు, మేడారం జాతర బందోబస్తుల మధ్య చదువుకునే మనిషికి చదువు సెలవు ఇవ్వకుండా పరీక్ష అంటే, అది స్టేషన్‌లో కుర్చీ పని దొరికినవాళ్లకే మేలు చేస్తుంది. ప్రశ్నపత్రం తెలుగులో ఉండాలి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్య చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. సోదాలను వీడియో తీయాలి, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలి. దర్యాప్తు చేసే చేతులు ఎక్కువ కావాలి. పాతికేళ్లుగా పంచనామాలు రాసిన హెడ్ కానిస్టేబుల్ కంటే ఆ పనికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎక్కడున్నారు? కొత్త చట్టాలు నేర్పించి, నేర్చుకున్నాడో లేదో చూసి, భుజాన నక్షత్రం పెట్టండి.

ఇక చెప్పడానికి ఇబ్బందైనా చెప్పక తప్పనిది: యాక్సిలరేటెడ్ ప్రమోషన్లు. మన రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి తీవ్రవాద వ్యతిరేక ఆపరేషన్లలో పాల్గొన్నవారికి వరుస దాటించి హోదాలిచ్చారు. ప్రాణాలొడ్డి పనిచేసినవాళ్లకు గుర్తింపు అక్కర్లేదని నేననను. పతకం ఇవ్వండి, నగదు ఇవ్వండి, పిల్లల చదువు చూడండి. కానీ కాల్పులకు ప్రతిఫలంగా హోదా ముడిపెడితే కీడు జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1990లలో ఎన్‌కౌంటర్లపై మార్గదర్శకాలు రాసింది. 2014 సెప్టెంబరు 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఘటన జరిగిన వెంటనే వరుస తప్పించి ప్రమోషన్లు, సాహస పురస్కారాలు ఇవ్వకూడదు. అది మొత్తం స్టేషన్‌కూ మేలు చేసే నియమం. పోక్సో కేసును ఓపికగా కోర్టు దాకా నడిపి శిక్ష పడేలా చేసిన మహిళా కానిస్టేబుల్, ఊళ్లో గొడవ రక్తం దాకా వెళ్లకుండా రాత్రంతా కూర్చుని సర్దిచెప్పిన బీట్ కానిస్టేబుల్, వీళ్ల పని ఏ ఫొటోలోనూ పడదు. ప్రమోషన్ నియమం వాళ్లను చూడగలగాలి.

అగ్నిమాపక శాఖ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. రాజ్యాంగం 12వ షెడ్యూలు అగ్నిమాపక సేవలను మున్సిపాలిటీల జాబితాలో పెట్టింది. ముంబైలో అది నగరపాలక సంస్థ కిందే ఉంది. మన దగ్గర అది రాష్ట్ర శాఖ, అంటే బాధ్యత నేరుగా మీది. 2020లో విజయవాడ స్వర్ణ ప్యాలెస్‌లో పది మంది, 2023లో సికింద్రాబాద్ స్వప్నలోక్‌లో ఆరుగురు, 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు. అలాంటి చోట మొదట దిగిన బండిలో నిర్ణయం తీసుకునేది ఎవరు? నిచ్చెన ఏ కిటికీకి వేయాలి, లోపలికి ఎవరిని పంపాలి, ఎప్పుడు వెనక్కి పిలవాలి అన్నది లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ క్షణాల్లో తేల్చాలి. ఆ రెండు హోదాల్లో ఖాళీలు పేరుకుపోయి ఇన్‌చార్జిలతో స్టేషన్ నడిపితే, ఆ క్షణంలో అధికారం ఎవరిదో తెలియని మనుషులు పొగలోకి వెళతారు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు నేరుగా కూడా నింపుతున్నారు, మంచిదే. శాఖలో ఎదిగిన ఫైర్‌మన్‌కు దక్కాల్సిన వాటా ఎంతో, అది ఏటా ఎంత నిండిందో బయటపెట్టండి. వట్టినాగులపల్లి లాంటి అగ్నిమాపక శిక్షణ సంస్థలో ప్రమోషన్‌కు ముందు శిక్షణ తప్పనిసరి చేయండి. సీటు దొరకలేదు కాబట్టి ప్రమోషన్ ఆగింది అనే మాట ఎప్పుడూ రాకూడదు. సీటు చూపించడం సర్కారు పని.

శాఖాపరమైన చర్యల గురించి ఒక్క మాట. మెమో వస్తుందేమో అన్న అనుమానంతో పేరు పక్కన పెట్టడం తప్పని, అభియోగపత్రం జారీ అయ్యాకే ఫలితాన్ని సీల్డ్ కవరులో ఉంచాలని సుప్రీంకోర్టులో జానకీరామన్ కేసులో 1991లోనే తేలిపోయింది. అభియోగపత్రం ఇచ్చి అయిదారేళ్లు విచారణ నడపడం కూడా శిక్షే. గడువు పెట్టండి.

ఇక సీనియారిటీ జాబితాల విషయానికొస్తే, తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు వచ్చాయి. 2021 డిసెంబరు 317 జీవోతో ఉద్యోగులు కొత్త జిల్లాలకు, కొత్త జోన్లకు పంపకమయ్యారు. సీనియారిటీ లెక్కలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. డైరెక్ట్ రిక్రూట్లకూ, కింది నుంచి పదోన్నతిపై వచ్చిన రాంకర్లకూ మధ్య ఎవరు ముందన్న తగవు ఎంతో పాతది. మణిపుర్ పోలీసుల కేసులో 2019లో సుప్రీంకోర్టు, ఉద్యోగంలో చేరకముందే ఖాళీ ఏర్పడిన ఏడాది నుంచి సీనియారిటీ ఇవ్వడం కుదరదని చెప్పింది. సూత్రం కోర్టు చెప్పాక ఇక మిగిలింది జాబితా వేసి, అభ్యంతరాలు విని, మూసేయడమే.

2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ సింగ్ తీర్పు డీఎస్పీ, ఆ కింది హోదాల బదిలీలు, పదోన్నతులు చూడడానికి పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు పెట్టమంది. ఆ బోర్డు ఏటా ఒక క్యాలెండరు ప్రకటిస్తే ఈ లేఖలో సగం అవసరముండదు. జూన్‌లో తాత్కాలిక సీనియారిటీ జాబితా వెబ్‌సైట్‌లో పెట్టించండి. జులైలో అభ్యంతరాలు తీసుకుని ఆగస్టులో తుది జాబితా ఇప్పించండి. సెప్టెంబరులో ప్యానెల్ వేయించండి. ఏ హోదాలో ఎన్ని ఖాళీలున్నాయో, ఎన్ని నిండాయో, ఎవరిని ఎందుకు దాటేశారో అందులో ఉండాలి. మరుసటి ఆగస్టు 31 లోపు రిటైరవుతున్నవాళ్ల పేర్లు వేరే రంగులో గుర్తుపెట్టించి, ముందు వాళ్ల ఫైళ్లు తెరిపించండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లో ఎవరు ముందు ఆ జాబితా పెడతారో లైన్లలో అందరూ ఫోన్లు పట్టుకుని చూస్తుంటారు.

భవదీయురాలు,
పోలీసు లైన్లలో పెరిగిన ఒక పౌరురాలు